ముందు రేవు, వెనక గుమ్మం

అంఫవా,
అక్టోబరు 2

కన్నికా,

నిన్న చేరాను. బస్సు దిగి, పడవెక్కి, పడవ దిగి, రెండు మోకాళ్ళూ నావేనా అని తడిమి చూసుకుని మంచం మీద కూలబడ్డాను. ఈ రిసార్టులో ఫోను కౌంటరు మీద ఉంది. అందులో మాట్లాడితే మన ఇంటి సంగతులు తోటమాలికి కూడా తెలిసిపోతాయి. నీ వైపు చూస్తే ఫోను మందుల షాపులో ఉంది, ఆవిడ నోటికి తాళం లేదు. అందుకే ఉత్తరం. రోజూ మధ్యాహ్నం తపాలా పడవ వస్తుందట.

నది ఒడ్డున ఎనిమిది చెక్క గదులు, అందులో మనుషులు నలుగురు. ఎవరూ ఎవరితో మాట్లాడరు. "ఇక్కడ ఏం చేయాలమ్మా?" అని యజమానురాలిని అడిగాను. "ఏమీ చేయక్కర్లేదు పెద్దమ్మా, అందరూ వచ్చేది అందుకేగా" అంది. ముప్ఫయ్యేళ్ళుగా మన కూరల దుకాణంలో రోజుకి పన్నెండు కూరలు వండినదాన్ని. ఏమీ చేయకుండా ఉండడం నాకెవరు నేర్పారు? వంటింట్లోకి తొంగి చూస్తే వంటమనిషి సమ్లీ గరిటె అడ్డం పెట్టి, "గెస్టులు ఇటు రాకూడదు, పోయి గాలి పీల్చుకోండి" అంది. ఉయ్యాలలో పడుకుంటే నడుం పట్టేసింది. పొద్దున్నించీ రేవుకీ గదికీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను.

అసలు సంగతికి వస్తాను. ఈ పొద్దున వాణ్ణి చూశాను. వాడు అనకూడదు, వితూన్ స్వామివారిని చూశాను. నా చేత మాట తీసుకున్న సంగతి నీకు తెలుసుగా. జులైలో గుండు చేయించుకుని భిక్షువుగా విహారంలో చేరే ముందు, "అమ్మా, ఈ మూడు నెలలూ విహారానికి రావద్దు, నువ్వొస్తే నా మనసు ఇంటి మీదికి పోతుంది" అన్నాడు. నేను మాట తప్పలేదు. విహారం నదికి ఆ పక్క. నేను ఈ పక్క. నది ఎవరి సొత్తూ కాదు.

ఆరు కాకముందే మంచులోంచి పడవ వచ్చింది. తలమీద తాటాకు టోపీ, ముందు భిక్షాపాత్ర, తెడ్డు తనే వేసుకుంటూ వచ్చాడు. ఆ తెడ్డు వేయడం చూడాలి, నీళ్ళు కదిలితే ఒట్టు! నేను చెప్పులు విడిచి, మోకాళ్ళ మీద కూర్చుని, తల వంచి అన్నం పెట్టాను. మొహంలోకి చూడలేదులే. భిక్షువుల మొహాల్లోకి గుడ్లప్పగించి చూసే రకాన్ని కాను నేను. చేతులు మాత్రం చూశాను, నల్లబడ్డాయి, చిక్కాయి. కన్నకొడుక్కి నేనే మొక్కాను. మీ మామయ్య పోయి ఆరు నెలలు కాలేదు. ఆయన పేరు మీద చేస్తున్న పుణ్యం ఇది, ఆయనే ఉండి చూస్తే ఎంత మురిసిపోయేవారో అని అక్కడే కూర్చుని ముక్కు చీదాను.

పచ్చ కూరకి రెండోసారి తీసిన కొబ్బరిపాలు ముందు పోయి. వంకాయలు ముందే కోసి పెట్టుకోకు.

మీ అత్త,
ప్రయోంగ్


థోన్‌బురి,
అక్టోబరు 5

అత్తయ్యా,

వంకాయలు నల్లబడలేదు. కొబ్బరిపాలు మీరు చెప్పినట్టే పోశాను. అయినా వచ్చినవాళ్ళందరూ మూత తీసి వాసన చూసి, "పెద్దావిడ ఎప్పుడొస్తారు?" అని అడుగుతున్నారు. నేను ఈ పొయ్యి దగ్గర ఆరేళ్ళుగా నిలబడుతున్నానన్న సంగతి ఎవరికీ గుర్తు లేదు.

ఆయన తెడ్డు వేయడమేమిటి? నది దాటే పడవలో కూర్చుంటేనే కళ్ళు తిరుగుతున్నాయని నా భుజం పట్టుకునే మనిషి. మూడు నెలల్లో అంత మారారంటే నేను సంతోషించాలి. కానీ భయం వేసింది.

బయల్దేరేముందు చెప్పిందే మళ్ళీ చెబుతున్నాను. నాకు నాలుగో నెల అని ఆయనకు తెలియకూడదు. మీ నోట్లో మాట దాగదని తెలుసు, అందుకే ఇన్నిసార్లు చెప్పడం. ఇప్పుడు చెబితే ఆయన వచ్చేస్తారు, అందులో అనుమానం లేదు. బిడ్డ కోసం వస్తారు. పుణ్యంలో ఉన్న మనిషిని నేను చెయ్యి పట్టి లాక్కొచ్చినట్టు అవుతుంది. ఆయన పైకి అనకపోయినా ఆ మాట నాకు జన్మంతా వినబడుతూనే ఉంటుంది. రావాలనుకుంటే తనంతట తనే రావాలి.

మీరు ఒక్కటే కనుక్కోండి. ఈ మూడు నెలల వర్షావాసం ముగిశాక కాషాయం విడుస్తారా, ఉండిపోతారా? మందుల షాపు ఆవిడ నిన్న కూర కొనడానికి వచ్చి, "ఒక్క వర్షాకాలమే అని వెళ్ళినవాళ్ళు ఎంతమంది ఉండిపోలేదు కన్నికా! మా బావగారు వెళ్ళి ఇరవై రెండేళ్ళయింది" అని చెప్పి మరీ వెళ్ళింది. అప్పట్నించీ నాకు చేతిలో పని చేతిలోనే ఉంటోంది. ఒక గిన్నె మూడుసార్లు కడుగుతున్నాను.

మీ మోకాళ్ళకి నూనె రాసుకుంటున్నారా?

కోడలు
కన్నికా


అంఫవా,
అక్టోబరు 9

కన్నికా,

నిన్న పడవల సంతకి వెళ్ళాను. ఇక్కడ కూర్చుని కూర్చుని నాకు వేళ్ళు మొలుస్తాయేమోనని భయం వేసింది. సంతలో కాలవంతా పడవలే, ఎక్కడా తెడ్డు పెట్టే సందు లేదు. ప్రాణం లేచొచ్చింది. కొబ్బరి పొంగణాలు పోసే ఒకామెకి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. పక్కన పడవలో కూర్చున్న నేను ఊరుకోగలనా, చెయ్యి చాపి గరిటె అందుకుని రెండు వాయలు పోశాను. "ఏమే, నీ పడవలోకి కొత్త వంటామె వచ్చిందా!" అని పక్కవాళ్ళు నవ్వారు. "ఎక్కిళ్ళు తగ్గినా ఈమెని వదలను" అంది ఆమె. గంటసేపు పోశాను. అసలు ఆ గంటే నాకు విశ్రాంతి.

సరే, నువ్వడిగిన సంగతి.

వాడికి ఇష్టమని కనగుర్త చేపలు వేయించి తెచ్చి, రొయ్యల ముద్ద కారం అరటాకులో చుట్టి పెట్టాను. సమ్లీని బతిమాలి, ఆమె కాళ్ళావేళ్ళా పడితే గానీ పొయ్యి దొరకలేదు. గిన్నెలో వేస్తున్నప్పుడు వాసన వచ్చి ఉంటుందిగా! అయినా తొణక్కుండా మూత పెట్టేసుకున్నాడు. ఇంట్లో ఉన్నప్పుడు చేప వేగకముందే వచ్చి పెనం దగ్గర నిలబడేవాడు.

పొద్దున ఇక ఆగలేక, తల వంచుకునే అడిగాను. "స్వామీ, వర్షావాసం అయిపోతోంది కదా, తర్వాత ఎక్కడుంటారు?"

తెడ్డు అడ్డం పెట్టి పడవ ఆపుకున్నాడు. తర్వాత, "ఎక్కడికీ వెళ్ళే పని లేదు ఉపాసికా, ఇక్కడే" అన్నాడు.

గొంతు కూడా మారిపోయింది కన్నికా. సూత్రాలు చదివి చదివి నిదానంగా, బరువుగా అయింది. నన్ను అమ్మా అనలేదు, ఉపాసికా అన్నాడు. పద్ధతి అదేలే. పడవ వెళ్ళిపోయాక ఏడుపొచ్చింది. అబద్ధం ఎందుకు, సంతోషమూ వచ్చింది. మన వంశంలో ఒక్కడైనా పూర్తిగా ఆ దారిన వెళ్ళాడంటే మీ మామయ్యకి, నాకు, నీకు కూడా ఎంత పుణ్యం! నువ్వు చిన్నదానివి, గట్టిదానివి. మనసు రాయి చేసుకో. నేనున్నానుగా.

నీ సంగతి చెప్పలేదు. నాలుక కొరుక్కుని ఆపుకున్నాను.

మీ అత్త,
ప్రయోంగ్


థోన్‌బురి,
అక్టోబరు 13

అత్తయ్యా,

మీకు సంతోషంగా ఉన్నందుకు నాకూ సంతోషం. కొడుకు కాషాయం అంచు పట్టుకుంటే తల్లికి స్వర్గం అంటారుగా. మీకు చోటు దొరికింది. నేనేం పట్టుకోవాలో అది మాత్రం రాయడం మర్చిపోయారు.

"నువ్వు గట్టిదానివి" అని రాశారు. ఆ ఒక్క మాట రాయకుండా ఉండాల్సింది. గట్టిదాన్నని ఎవరు చెప్పారు మీకు? మామయ్య పోయినప్పుడు ఏడవలేదనా? అప్పుడు మీరిద్దరూ ఏడుస్తున్నారు. కూరలు ఎవరో ఒకరు వండాలిగా.

ఈ ఉత్తరంతో ఇంకో ఉత్తరం పెట్టాను, అంటించి ఉంది. అది ఆయనకి. ఆయన్ని ఏమీ అడగడం లేదు, నిందించడం లేదు. ఆయన మనసారా అక్కడే ఉండొచ్చని, నా గురించి వెనక్కి చూడక్కర్లేదని రాశాను. బిడ్డ మాట అందులో లేదు. అన్నం పొట్లం కింద పెట్టి గిన్నెలో వేయండి. మీరు చదవకండి.

నెలాఖరు దాకా దుకాణం తెరుస్తాను. తర్వాత నఖోన్ సవాన్‌లో మా అక్క దగ్గరికి వెళ్తాను. పురుడు అక్కడే. మీరు ఆపకండి. మీ మీద కోపంతో వెళ్ళడం లేదు. కొంచెం కోపం ఉంది, కానీ దానికోసం కాదు. ఈ ఇంట్లో ఆయన చొక్కాలు తీగ మీద వేలాడుతూ ఉంటే నాకు ఊపిరాడడం లేదు.

కన్నికా


అంఫవా,
అక్టోబరు 18

అమ్మా కన్నికా,

ఇది నేను ఎదురుగా కూర్చుని చెప్పలేను. అందుకే ఉత్తరాన్ని ముందు పంపించి, వెనకాల నేను వస్తున్నాను. ఇది పూర్తిగా చదువు, మధ్యలో చింపేయకు.

మొన్న పొద్దున నీ ఉత్తరం గిన్నెలో వేశాను. చదవలేదు, ఒట్టు. నిన్న పొద్దున పడవ వచ్చింది. స్వామి గిన్నె మూత తీయలేదు. రేవు స్తంభం పట్టుకుని పడవని ఆపి, గొంతు సవరించుకున్నారు.

"ఉపాసికా, నిన్న అన్నం కింద ఒక ఉత్తరం ఉంది. గిన్నెలో వేశారు గనక నాకే అనుకుని విప్పాను. మూడు వరసలు చదివేసరికి నాకు చెమటలు పట్టాయి. నేను పన్నెండేళ్ళ వయసులో కాషాయం కట్టినవాణ్ణి. నాకు పెళ్ళి కాలేదు."

నేను తలెత్తాను. కళ్ళజోడు లేదు, మంచుకి మసకబారుతుందని రోజూ గదిలోనే పెట్టి వెళ్తున్నాను. అయినా తలెత్తి, కళ్ళు చికిలించి, మొదటిసారి ఆ మొహంలోకి చూశాను. గుండు ఉంది, కనుబొమలు గొరిగి ఉన్నాయి, మన వాడి ఒడ్డూ పొడుగే. కానీ ముక్కు వేరు, చెవులు వేరు. ఎవరో తల్లి కన్న బిడ్డ.

నా తల కొట్టేసినట్టయింది. "మరి వితూన్ స్వామి ఏరండీ?" అని అరిచాను.

"ఆయనా? మొదటి రోజే పడవ బోల్తా కొట్టించారు. రెండో రోజు కూడా. గిన్నె ఇంకా నది అడుగునే ఉంది. మూడో రోజు మా గురువుగారు ఆయన్ని కాలినడక దారికి మార్చారు. వంతెన దాటి తోటల్లోంచి వస్తారు, మీ రిసార్టు వెనక గుమ్మం దగ్గర రోజూ ఆగుతారు. ఈ పడవ దారి మాత్రం పదేళ్ళుగా నాదే." ఉత్తరం గట్టు మీద పెట్టి, "మీ చేపలు మాత్రం చాలా బాగున్నాయి, ఉపాసికా" అని పడవ తోసుకుని వెళ్ళిపోయారు. ఇక్కడే ఉంటానన్నది ఆ స్వామి. ఆయన ఇక్కడ కాక ఎక్కడుంటారు!

పదహారు రోజులు, కన్నికా. నేను ముందు రేవులో వేరే ఆమె కొడుక్కి మొక్కి ముక్కు చీదుతూ ఉంటే, నా కొడుకు నా వీపు వెనక గుమ్మంలో సమ్లీ చేతి అన్నం తీసుకుని వెళ్ళిపోయాడు.

ఈ పొద్దున కళ్ళజోడు పెట్టుకుని వెనక్కి వెళ్ళి కొబ్బరి పీచు కుప్ప చాటున నిలబడ్డాను. వచ్చాడు. వాడే. ఎండకి కమిలిపోయాడు, ఎడమ పాదానికి కట్టు ఉంది, ఆ కాలు కాస్త ఆనించీ ఆనించనట్టు వేస్తున్నాడు. నేను బయటికి రాలేదు. ఏ మొహం పెట్టుకుని రాను? సమ్లీనీ ఏమీ అడగలేదు. నా నోరు తెరుచుకుంటే ఇంకేం చెడుతుందోనని పైపంచె నోట్లో కుక్కుకుని నిలబడ్డాను.

అందుకే, వాడి మనసులో ఏముందో నేనిక చెప్పను. కన్నకొడుకు ఎవరో పోల్చుకోలేనిదాన్ని, వాడి మనసు నేనేం పోల్చుకుంటాను? ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. "ఇక్కడే" అన్న మాట విన్నప్పుడు నా పుణ్యం గుర్తొచ్చింది, నా స్వర్గం గుర్తొచ్చింది. నీ మొహం గుర్తు రాలేదు. వేరే స్వామి అన్న మాటైతే ఏం, సంతోషించింది నేనే. అది నా తప్పు. తప్పు కంటే పెద్ద మాట ఉంటే అది.

నువ్వే వచ్చి అడుగు. గది నెలాఖరు దాకా మన పేరు మీదే ఉంది. ఆదివారానికి నేను దుకాణంలో ఉంటాను. నీ ఉత్తరం ఇందులోనే పెట్టాను. ఇస్తావో, చింపేస్తావో నీ ఇష్టం.

ప్రయోంగ్


అంఫవా,
అక్టోబరు 23

అత్తయ్యా,

ఆదివారం మీరు వచ్చి, సంచి దించి, నా మొహం చూడకుండా గరిటె అందుకున్నారు. నేను బట్టలు సర్దుకున్నాను. అనాల్సినవి చాలా ఉన్నాయి. ఇక్కడికి వచ్చే దారిలో అన్నీ వరసగా పేర్చుకున్నాను. ఇప్పుడు వాటిలో ఒక్కటీ గుర్తు లేదు.

నిన్నంతా ఈ రిసార్టులో నేనూ మీలాగే తిరిగాను. పుస్తకం తెరిచి మూశాను. నది వైపు చూడలేక కుర్చీ గోడ వైపు తిప్పుకున్నాను. సమ్లీ వచ్చి, "మీ ఇంట్లో ఎవరూ కూర్చోరా?" అని అడిగింది.

ఈ పొద్దున ఐదున్నరకి వెనక గుమ్మం దగ్గరికి వెళ్ళాను. అన్నం నేనే వండాను, సమ్లీ పక్కకి జరిగి పొయ్యి ఇచ్చింది. ఆయనకి రాసిన ఉత్తరం నా సంచిలోనే ఉంది. ఆయన చేతికి నేను నేరుగా ఇవ్వకూడదు కాబట్టి గిన్నెలో వేద్దామనే తెచ్చాను. నేను, సమ్లీ చాప మీద కూర్చున్నాం.

"ఎవరికి పెడుతున్నావు?" అంది సమ్లీ. "కుంటుతూ వచ్చే స్వామికి" అన్నాను.

"ఓ, ఐదో తేదీ స్వామికా!" అంది.

"ఐదో తేదీ ఏమిటి?" అన్నాను.

"స్వాములకి కొత్త వస్త్రాలిచ్చే చీవరాల పండుగ అయిన మూడో నాడు, నవంబరు ఐదున కాషాయం విడుస్తున్నారుగా. వాళ్ళ గురువుగారు రోజు పెట్టి నెల దాటింది. ఈయన అప్పట్నించీ నన్ను మూడుసార్లు అడిగారు, ఇక్కణ్ణించి థోన్‌బురికి మొదటి బస్సు ఎన్నింటికి అని. స్వాములు అలా అడగకూడదు, నేనూ నవ్వకూడదు. నవ్వేశాను. 'స్వామీ, అంత తొందరగా ఉంటే పడవలో వెళ్ళండి' అన్నాను. పడవ మాటెత్తితే మాత్రం ఆయనకి నచ్చదు."

నెల దాటింది, అత్తయ్యా. మీరు ఇక్కడికి రాకముందే. నేను ఎవరితోనూ ఏమీ చెప్పించకముందే. ఎవరూ లాగలేదు, ఎవరూ పిలవలేదు. ఈ వెనక గుమ్మం దగ్గర వంటమనిషికి తెలుసు, కొబ్బరికాయలు దింపేవాడికి తెలుసు, మన ఇద్దరికి మాత్రం తెలియదు. నాకు నవ్వు రాలేదు. ఒళ్ళంతా చల్లబడి, ఆ చాప మీద పడుకుని నిద్రపోవాలనిపించింది.

తర్వాత భయం వేసింది. నేనిక్కడ కూర్చుంటే ఆయన చూస్తారు. నాలుగో నెల దాటింది, చూస్తే తెలిసిపోతుంది. రోజు ఎలాగూ పెట్టుకున్నారు, ఇంకో పదమూడు రోజులు ఆయన్ని ప్రశాంతంగా ఉండనివ్వాలని లేవబోయాను. సమ్లీ నా మణికట్టు పట్టుకుంది. "కూర్చో. వండుకుని తెచ్చి పెట్టకుండా పోతావా?" అంది. అప్పటికే తోటలో ఎండుటాకుల మీద అడుగుల చప్పుడు వినబడింది.

నేను తల వంచుకునే ఉన్నాను. మొదట పాదాలు కనబడ్డాయి. కట్టు ఉన్న పాదం ముందుకు పడి, మళ్ళీ కాస్త వెనక్కి వెళ్ళి, అక్కడే నిలబడింది. గిన్నె మూత చాలాసేపటికి గానీ తెరుచుకోలేదు. అన్నం పెడుతుంటే సగం మెతుకులు అంచు మీద పడ్డాయి. ఉత్తరం సంచిలోంచి తీయలేదు.

తర్వాత ఆయన పాళీలో ఆశీర్వాదం చెప్పాలి. "ఆయు, వణ్ణో..." అన్నారు. ఆయుష్షు, మేనిఛాయ. అక్కడ ఆగిపోయారు. నేను, సమ్లీ చేతులు జోడించుకుని ఎదురు చూస్తూ ఉన్నాం. మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నారు. "ఆయు, వణ్ణో..." మళ్ళీ అక్కడే ఆగారు. మూడు నెలలుగా రోజూ నలభై గుమ్మాల్లో చెప్పిన నాలుగు మాటలు. నేను నా పొట్ట మీదికి పైపంచె లాక్కోలేదు, అలాగే ఉండనిచ్చాను.

సమ్లీ తల ఎత్తకుండానే, నెమ్మదిగా అందించింది.

"సుఖం, స్వామీ. తర్వాతది సుఖం."

"సుఖం" అన్నారాయన.

మీ కోడలు
కన్నికా